రోడ్డు పక్క సాళ్లు

పొగాకు చేనుకి చివర్లో కాస్త ఆకలి తెలియాలి. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్లకి ఎక్కించలేక ఈ వేసవిలో నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను పుట్టింది కందుకూరు పక్కన, పొగాకు పండించే ఇంట్లో. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. పెళ్లై అమెరికా వచ్చాక, హెచ్-ఫోర్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక, ఏళ్ల తరబడి మా ఆయన దివాకర్‌కి లంచ్ బాక్సులు కట్టాను. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాదే నార్త్ కరోలినాలో, రాలీకి గంట దూరంలో, ఓపిక లేక వ్యవసాయం మానేసిన ఒక ముసలి రైతు దగ్గర పది ఎకరాలూ, కోసిన ఆకుని వేడి పెట్టి ఆరబెట్టే రెండు బ్యారన్లూ కౌలుకి తీసుకున్నాను. ఆకు కొనే కంపెనీతో కాంట్రాక్టు నా పేరు మీదే ఉంది. డ్రైవింగ్ లైసెన్సు పక్కన పెడితే, ఈ దేశంలో నా సొంతానికి నేను సంపాదించుకున్నది అదొక్కటే.

రాలీ పక్కనే కేరీలో ఉండే మా తెలుగు స్నేహితులకి ఈ సంగతి మింగుడుపడదు. "పొగాకా? పాపం కదా జయంతీ?" అంటారు. మొదట్లో ఓపిగ్గా వాదించేదాన్ని. ఇప్పుడు "అవును, పాపమే. కాఫీ పెట్టనా?" అంటున్నాను.

ఆ కాంట్రాక్టు ఏ ఏటికాయేడు రాసుకునేది. మా వైపు ఆకు చూసే కంపెనీ మనిషి రస్సెల్ వసంతంలోనే వచ్చి మొహమాటం లేకుండా చెప్పాడు. పైవాళ్లు చిన్న రైతుల్ని తగ్గించేస్తున్నారట. ఈ ఏడాది నా ఆకు మంచి గ్రేడు తెచ్చుకుంటేనే వచ్చే ఏడు నా పేరు ఉంటుందట, లేకపోతే తను చేయగలిగిందేమీ లేదట. మనిషి మంచివాడే, కానీ మాట కట్టె విరిచినట్టు ఉంటుంది.

సరే, గ్రేడు దేన్ని బట్టి వస్తుంది? సగం వానను బట్టి, సగం నత్రజనిని బట్టి. నత్రజని తక్కువైతే ఆకు పల్చగా, తూకం లేకుండా వస్తుంది. అది చిన్న నష్టం. ఎక్కువైతే పెద్ద నష్టం. మొక్క ఏపుగా, నల్లటి ఆకుపచ్చలో కళకళలాడుతూ ఉంటుంది, చూసినవాళ్లు ఆహా అంటారు. కానీ ఆ ఆకు పండదు. పండని ఆకుని బ్యారన్‌లో పెట్టి ఎంత వేడి చేసినా నిమ్మపండు రంగు రాదు. ముదురు గోధుమ రంగులో, మచ్చలతో, పచ్చి వాసనతో బయటికొస్తుంది. నికోటిన్ ఎక్కువ, తీపి తక్కువ. కొనేవాడు దాన్ని అడుగు రేటుకి తీసుకుంటాడు, లేదా వెనక్కి పంపుతాడు. అందుకే నాటిన మొదటి నెలలోనే ఎరువు పని ముగించేయాలి. పూత తుంచేసరికి నేలలో నత్రజని అయిపోవాలి. అప్పుడు ఆకు అడుగు నుంచి పైకి మెల్లగా పసుపు తిరుగుతుంది. ఆ పసుపే మాకు డబ్బు.

మా మావయ్యగారు సూర్యప్రకాశరావుగారి లెక్క వేరు. ఆయనది ముమ్మిడివరం వైపు. జీవితమంతా వరి పండించారు. అత్తయ్యగారు పోయాక రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. ఆయన దృష్టిలో చేను ఆకుపచ్చగా ఉంటే బతికున్నట్టు, పసుపు తిరిగితే రైతు చచ్చినట్టు.

గొడవ మొదలైంది జూన్ ఆఖర్లో. దివాకర్ పెద్దనాన్నగారి అబ్బాయి చక్రపాణి ఎడిసన్ నుంచి కుటుంబంతో డ్రైవ్ చేసుకుని వచ్చాడు. పిల్లలకి ఫార్మ్ చూపించాలట. అప్పటికే అడుగు ఆకులు నేను కోరుకున్నట్టే కాస్త పాలిపోతున్నాయి. ఫోన్ పట్టుకుని చేలో అటూ ఇటూ తిరిగి చక్రపాణి పెదవి విరిచాడు.

"ఏంటి వదినా, పంటకి జాండిస్ వచ్చిందా? ఫోటోలు సరిగ్గా రావట్లేదు. రోడ్డు మీద నుంచి చూస్తే ఇంకా వీక్‌గా కనిపిస్తోంది."

నేను నవ్వి ఊరుకున్నాను. పక్కనే ఉన్న మావయ్యగారు మాత్రం నవ్వలేదు. వాళ్ల కారు వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చారు.

"అమ్మా జయంతీ, కాస్త యూరియా చల్లిద్దామా? దారిన పోయేవాళ్లంతా చూస్తన్నారు."

"వద్దు మావయ్యగారూ. పొగాకు ఇలాగే ఉండాలి," అన్నాను. చేతినిండా పని, పూత తలలు తుంచే కూలీల కోసం పక్క రైతుతో బతిమాలాటలు. అంతకు మించి చెప్పే తీరిక లేకపోయింది. ఆయన తలూపి వెళ్లిపోయారు.

ఆ వారమే దివాకర్ కారు డిక్కీలోంచి యూరియా బస్తా దించాడు.

"ఇదెందుకు?" అన్నాను.

"నాన్నకి. బీరపాదుకీ, గోంగూర మడికీ."

"మంచం అంత లేదు ఆ మడి. దానికి యాభై పౌండ్ల బస్తానా?"

"చిన్న ప్యాకెట్లు లేవట," అన్నాడు. మా ఆయన సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాడు, ఇతరుల తప్పులు పట్టడమే అతని ఉద్యోగం. ప్యాకెట్ల మాట అతను ఎంత మామూలుగా అన్నాడంటే, నేను కూడా నమ్మేసి పనిలో పడిపోయాను.

జూలై చివర మొదటి కోత. అడుగు ఆకులు కోయించి బ్యారన్ నింపాం. వారం తిరిగాక తలుపు తీస్తే రావలసింది తేనె కలిసిన ఎండుగడ్డి లాంటి వాసన. వచ్చింది ఉడికీ ఉడకని ఆకుకూర వాసన. కొంత ఆకు బంగారంలా ఉంది, కొంత నల్లగా ముడుచుకుపోయి ఉంది. పండిన ఆకూ పండని ఆకూ ఒకే బ్యారన్‌లో పడితే ఇంతే. ఒకదానికి సరిపడే వేడి ఇంకోదానికి సరిపడదు, రెండూ చెడతాయి. నాకు ఏడుపొచ్చింది. దానికంటే ముందు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియకుండానే.

ఆ ఆకుని బేళ్లు కట్టించి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తే, రస్సెల్ బేలు మధ్యలోంచి గుప్పెడు లాగి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి నా వైపు చూశాడు. అడుగు గ్రేడు వేశాడు. ఇలాంటి లోడ్ ఇంకొకటి వస్తే వచ్చే ఏటి జాబితాలో నా పేరు ఉంచలేనన్నాడు. గురువారం వచ్చి మిగతా చేను చూస్తానని కూడా చెప్పాడు.

ఇంటికొచ్చి చేనంతా కలయతిరిగాను. కోత హడావిడిలో అంతకుముందు గమనించని వింత అప్పుడు కనిపించింది. లోపలి సాళ్లన్నీ చక్కగా పసుపు తిరుగుతున్నాయి. రోడ్డు పక్క సాళ్లు మాత్రం, చేనులో ఇంచుమించు అయిదో వంతు, నల్లటి ఆకుపచ్చలో నవనవలాడుతున్నాయి. పిలకలు తుంచినచోటే మళ్లీ తుంచాల్సి వస్తోంది. ఎంత ఆలోచించినా కారణం అందలేదు. రోడ్డు పక్క కాలువలో నీళ్లు నిలుస్తున్నాయా? ఎరువు యంత్రం అటు రెండుసార్లు తిరిగిందా? నేను కౌలుకి తీసుకోకముందు ఆ ముసలి రైతు అక్కడ ఏమైనా పోశాడా? పరీక్షకి పంపడానికి గొట్టం గుచ్చి మట్టి తీశాను, సంచుల్లో నింపాను, ఎండలో ఎర్రగా కమిలిపోయాను. వరండాలో లాప్‌టాప్ ముందు కూర్చుని దివాకర్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి మజ్జిగ కూడా తెచ్చిచ్చాడు.

సోమవారం తెల్లారగట్ట రెండో కోతకి బ్యారన్ సిద్ధం చేసుకోవడానికి బయటికొచ్చాను. రోడ్డు పక్క సాళ్లలో మావయ్యగారు. లుంగీ ఎగ్గట్టి, ఎడమ చంకలో నారింజ రంగు ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుని, కుడిచేత్తో యూరియా చల్లుతున్నారు. గింజ గింజా సమంగా పడేలా మణికట్టు తిప్పుతూ, అడుగు అడుగుకీ ఒక విసురు. ఎంత అందంగా చల్లుతున్నారో! అంత అందంగా నా కొంప ముంచుతున్నారు.

ఆ పెద్దాయన మీద నేనెప్పుడూ గొంతెత్తలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్లి దివాకర్‌ని లేపాను.

"నీకు తెలుసా?"

నిద్రమొహంతోనే అర్థమైపోయింది అతనికి. నీళ్లు నమిలాడు.

"నాన్న అడిగారు జయంతీ. కాదనలేకపోయాను. రోడ్డు పక్కన మాత్రమే కదా, అందరికీ కనిపించేది అదే అన్నారు."

"ఎన్ని బస్తాలు తెచ్చావు?"

"నాలుగు. మెల్లమెల్లగా."

"నేను ఎండలో మట్టి తవ్వుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"నువ్వే కనుక్కుంటావులే అనుకున్నా. అప్పుడు నేను చెప్పినట్టుండదు కదా."

పదిహేడేళ్ల కాపురంలో ఆ తర్కం నాకు బాగా అలవాటే. "ఇవాళ మీ నాన్నగారికి నువ్వే చెప్పాలి. ఆయన వల్ల ఒక బ్యారన్ పోయిందని చెప్పు. మళ్లీ చల్లితే కాంట్రాక్టు పోతుందని చెప్పు," అన్నాను. తప్పకుండా చెప్తానన్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు. నేను పప్పు గరిటె పట్టుకుని అక్కడే ఆగాను.

"నాన్నా, ఆ యూరియా ఉంది చూడు..."

"ఆఁ?"

"రేటు పెరిగింది నాన్నా."

"పెరగదేంటి మరి, అన్నీ పెరుగుతన్నాయి," అని మావయ్యగారు పెరుగు కలుపుకున్నారు. నేను గరిటె గిన్నెలో పడేసి లేచిపోయాను.

ఆ సాయంత్రం మిగిలిన అరబస్తా ఖాళీగా ఉన్న బ్యారన్‌లో పెట్టి తాళం వేశాను. చేతనైంది అదే. మంగళవారం పొద్దున బస్తా కనిపించక మావయ్యగారు కొడుకుని అడిగారు. మధ్యాహ్నం ఆఫీస్ మీటింగుల మధ్య కారేసుకుని వెళ్లి దివాకర్ ఇంకో బస్తా తెచ్చాడు. నిజం. కళ్లారా చూశాను. డిక్కీ దగ్గర నన్ను చూసి, "ఇదే లాస్ట్," అన్నాడు. ఆ క్షణంలో నా కోపం మావయ్యగారి మీద నుంచి పూర్తిగా దిగిపోయి మొత్తం ఇతని మీదకి చేరింది.

బుధవారం నాటికి నాకు ఒకే దారి కనిపించింది. రెండో కోతకి కూలీలు వచ్చే రోజు దగ్గరపడింది. ఉన్నవి రెండే బ్యారన్లు, రెండూ లోపలి ఆకుకే నిండిపోతాయి. రోడ్డు పక్క ఆకు పండేదాకా ఆగితే లోపలి ఆకు పండి మాడిపోతుంది. రెండూ కలిపి కోయిస్తే మళ్లీ మొన్నటి కథే. ఆ సాళ్లని నరికేయాలి. కౌలు, నారు, నాట్లు, కూలి, నా నడుం నొప్పి, అన్నీ అందులో ఉన్నాయి. అయినా అయిదో వంతు పోగొట్టుకుంటే మిగిలింది దక్కుతుంది. లేకపోతే నా పేరే పోతుంది.

గురువారం పొద్దున ట్రాక్టరుకి వెనక కోత యంత్రం తగిలిస్తుంటే దివాకర్ పరిగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడొద్దు జయంతీ. నాన్న చూస్తారు. ఆయన వాకింగ్‌కి వెళ్లాక చేద్దాం. కావాలంటే పురుగు పడిందని చెప్దాం."

"ఇవాళ రస్సెల్ వస్తున్నాడు."

"అతనికి కూడా పురుగనే చెప్దాం."

"తప్పుకో," అన్నాను.

ఇంజను మోత విని మావయ్యగారు వాకిట్లోంచి చెప్పులు కూడా లేకుండా వచ్చారు. మొదటి సాలు మొదట్లోనే ట్రాక్టరుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఎత్తారు.

"ఎదిగిన చేనమ్మా! నరుకుతావా? ఎవరేమన్నారు నిన్ను?"

ఇంజను ఆపాను. దివాకర్ అప్పటికే ఇంటి మెట్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక చెప్పేవాళ్లెవరూ లేరని అర్థమైంది.

"మావయ్యగారూ, ఈనిన వరికి యూరియా చల్లుతారా మీరు?"

"పిచ్చా ఏంటి? చేను పడిపోదూ? దోమ పడుతుంది. గింజ పాలు పోసుకోదు, అంతా తాలే."

"పొగాక్కి తల తుంచాక అంతేనండి. అప్పటికి నేలలో బలం అయిపోవాలి. అప్పుడు మళ్లీ యూరియా పడితే ఆకు పండదు. చూడ్డానికి బాగుంటుంది, బ్యారన్‌లో నల్లబడిపోతుంది. ఇదంతా తాలే మావయ్యగారూ. కళ్లకి కనిపించని తాలు."

ఆయన చేతులు దించారు. వంగి ఒక ఆకు విరిచి, ఈనె చూసి, లోపలి సాలులోకి నడిచి ఇంకో ఆకు విరిచి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. రైతు రైతే. నేను ఇంకో ముక్క చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మొన్న పోయిన బ్యారన్?"

"దీనివల్లేనండి."

"నువ్వు వద్దన్నావు. కానీ ఎందుకు వద్దో చెప్పలేదమ్మా."

"చెప్పలేదు. తీరిక లేదనుకున్నాను."

ఆయన రోడ్డు వైపు తిరిగారు. "ఇండియా వాళ్లకి సేద్యం రాదని ఈ దొరలు నవ్వుకుంటారేమోనని," అన్నారు, సగం నాతో, సగం తనలో తను. తర్వాత, "దివాకరానికి తెలుసా ఈ సంగతి?" అని అడిగారు.

నేను ఇంటి మెట్ల దగ్గరున్న దివాకర్ వైపు చూశాను. ఆయనకి సమాధానం అందింది.

"దిగమ్మా," అన్నారు. "నేను కోస్తాను."

"మీరెందుకండీ..."

"ముప్ఫయ్యేళ్లు ట్రాక్టరు తోలాను. దిగు."

గేర్లు చూపించాను. అంతే. నిటారుగా కూర్చుని, ఏ రోడ్డు కోసమైతే ఆ సాళ్లని పెంచారో అదే రోడ్డు పక్కన, అవే సాళ్లని కోసుకుంటూ వెళ్లారు. దారినపోయే కార్లు నెమ్మదించాయి. ఎవరో అద్దం దించి చూశారు. ఆయన ఒక్కసారి కూడా అటు తల తిప్పలేదు. నాకు కళ్లు చెమర్చాయి. దుమ్ము అనుకోమని నాకు నేనే చెప్పుకున్నాను.

అలా నెమ్మదించిన బళ్లలో ఒకటి రస్సెల్ పికప్. దిగి, నేల మీద పడుతున్న ఆకునీ ట్రాక్టరు మీది ముసలాయన్నీ మార్చి మార్చి చూసి, ఏం జరుగుతోందని అడిగాడు. పురుగు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. మా మావయ్యగారు తెలియక యూరియా వేశారు, నేను సమయానికి చెప్పలేదు, మొదటి బ్యారన్ అందుకే పోయింది, ఈ ఆకు మళ్లీ లోపలి ఆకులో కలవకూడదని నరికిస్తున్నాను అని.

అతను లోపలి సాళ్లలోకి నడిచాడు. అక్కడొకటి అక్కడొకటి ఆకులు విరిచి చూస్తూ ఎంతసేపు తిరిగాడో. తిరిగొచ్చి, ఇలాంటి ఆకుని జనం బేలు మధ్యలో దాచి తన మీద వదిలించుకోవాలని చూస్తారనీ, నరికేసినవాళ్లని తను చూడ్డం ఇదే మొదటిసారనీ అన్నాడు. లోపలి ఆకు బ్యారన్ లోంచి కూడా ఇంత బాగానే బయటికొస్తే నా పేరు జాబితాలో ఉంచుతానన్నాడు. రోడ్డు పక్క ముక్క మాత్రం కాంట్రాక్టులోంచి తగ్గిస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ మావయ్యగారికి టోపీ తీసి ఊపాడు. ఆయన చెయ్యెత్తారు.

పికప్ వెళ్లిపోగానే దివాకర్ నీళ్ల సీసా పట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమన్నాడు? ఉంచుతానన్నాడా? చూశావా, అంతా సర్దుకుంది. అనవసరంగా నాన్నకి చెప్పి ఆయన్ని బాధపెట్టావు."

ట్రాక్టరు ఇంజను ఆగింది. మా వెనకే ఉన్నారు మావయ్యగారు. మెల్లగా దిగి, కొడుకు చేతిలోని నీళ్లు తీసుకోకుండా అతని ఎదురుగా నిలబడ్డారు.

"నేను చేను పాడు చేస్తన్నానని తెలిసే బస్తాలు మోసుకొచ్చావేంట్రా?"

"మీరు బాధపడతారని, నాన్నా..."

"చేను పోతే బాధపడనా? కోడలి పేరు పోతే బాధపడనా? నలభై ఏళ్లు సేద్యం చేసినోణ్ణి. ఒక్క మాట చెబితే తెలిసేది. ఆ పిల్లకి నా మీద కోపమొచ్చింది, నిలబెట్టి చెప్పింది. నన్ను మనిషి కింద లెక్కేసింది. నువ్వేమో బొమ్మలిచ్చి పిల్లోణ్ణి ఆడించినట్టు నాకు యూరియా ఇచ్చి ఆడించావు."

నాలుగు రోజులుగా నేను పెట్టిన చీవాట్లన్నీ కలిపినా దివాకర్ మొహం అలా మాడలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

మావయ్యగారు కోయకుండా మిగిలిన సాళ్ల వైపు చెయ్యి చూపించారు.

"ఇంకా రెండున్నాయి. ఎక్కు."

"నాకు ట్రాక్టరు రాదు నాన్నా."

"మీ ఆవిడకి వచ్చు. అడుగు."

అని ఆయన వెళ్లి రోడ్డు గట్టు మీద, అందరికీ కనిపించేలా కూర్చున్నారు. దివాకర్ సీటెక్కి స్టీరింగ్ పట్టుకుని, ఎదురుగా ఉన్న సాళ్లనీ కింద ఉన్న పెడల్స్‌నీ చూసి, చివరికి నా వైపు తిరిగాడు.

"క్లచ్ ఏది జయంతీ?"

"ఎడమకాలి కింద," అన్నాను.